ఎనిమిదవ ప్రతి



చాలా కాలానికి ఈ పుట తెరిచాను. తెలుగు పండితునికి సర్వర్లతో పని ఏమిటని మీలో కొందరు నవ్వవచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి. మనమందరం ఒకప్పుడు లేఖినిలో టైపు చేసుకొని, కూడలిలో మన టపా ఎప్పుడు కనబడుతుందా అని ఎదురుచూసిన వాళ్ళమే. ఆ అక్షరాలు ఏ దేశంలో ఏ యంత్రం కడుపులో దాగి ఉన్నాయో, ఆ యంత్రాన్ని రాత్రింబవళ్ళు ఎవరు కనిపెట్టి ఉన్నారో మనం ఏనాడూ అడగలేదు. ఈ టపా ఆ అడగని ప్రశ్నను గురించి.

మొన్న సంక్రాంతికి నా పూర్వవిద్యార్థి ఒకడు నరసరావుపేటలో మా ఇంటికి వచ్చాడు. హైదరాబాదులో ఒక సంస్థలో సర్వర్లను చూసుకొనే ఉద్యోగం అతనిది. అరిసెలు తింటున్నాడే గాని చూపు మాత్రం పక్కన పెట్టుకొన్న ఫోను మీదనే ఉన్నది.

"ఏం నాయనా, పండుగ పూట కూడా వదలరా నిన్ను?" అన్నాను.

"ఈ రాత్రి అప్‌గ్రేడు ఉంది మాష్టారూ. రెండువందల నలభై యంత్రాలు. రాత్రి పన్నెండుకు మొదలుపెడితే తెల్లవారేలోగా ముగించాలి."

"అన్నీ ఒక్కలాంటివే కదా. ఒకదానికి చేసినట్టే అన్నింటికీ చేస్తే సరిపోదా?"

అతను నవ్వాడు. "అన్నీ ఒక్కలాంటివే అని మేమూ అనుకొంటాం మాష్టారూ. కానీ అవి ఒకటిగా ఉండవు. కొన్న రోజున ఒకటిగానే ఉంటాయి. ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కటి ఒక్కొక్క దారి పడుతుంది. మా ఉద్యోగమంతా ఆ దారులు కలపడమే."

ఈ మాట వినగానే నాకు తాటాకు గ్రంథాలు గుర్తుకు వచ్చాయి.

* * *

విద్వాన్ పరీక్షకు చదివే రోజులలో మా గురువుగారు ఒక పద్యానికి మూడు పాఠాలు చూపించి, వీటిలో కవి రాసినది ఏదో చెప్పమనేవారు. మూడూ ఛందస్సుకు సరిపోయేవి, మూడింటికీ అర్థం కుదిరేది. కవి మాత్రం ఒక్కటే రాసి ఉంటాడు. మరి మూడు ఎట్లా వచ్చాయి? ఒక వ్రాయసకాడు కునికిపాటులో ఒక అక్షరం మార్చాడు. ఇంకొకడు తనకు తప్పుగా తోచినదాన్ని దిద్దాడు. మరొకడు పక్కన ఎవరో రాసుకొన్న టిప్పణిని మూలంలో భాగమే అనుకొని లోపల చేర్చాడు. ఎవరికీ దురుద్దేశం లేదు. ప్రతి ఒక్కడూ మేలు చేస్తున్నాననే అనుకొన్నాడు. నూరేళ్ళు గడిచేసరికి ఒక కావ్యం నాలుగు కావ్యాలయింది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు వచ్చి, తర్వాతి కాలంలో సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని చేయించిన పని ఇదే. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, వరుసగా పేర్చి, ఎక్కడెక్కడ తేడా ఉన్నదో గుర్తింపజేశాడు. ఏ ఒక్క ప్రతినీ గుడ్డిగా నమ్మలేదు.

యంత్రాల విషయంలోనూ జరిగేది ఇదేనని నా శిష్యుడు విడమరచి చెప్పాడు. అర్ధరాత్రి ఏదో చిక్కు వస్తుంది. కాపలా ఉన్నవాడు ఆ ఒక్క యంత్రంలో ఒక అమరిక మార్చి గండం గట్టెక్కిస్తాడు. తెల్లవారి మిగతా యంత్రాలలో కూడా మారుద్దామనుకొని మరచిపోతాడు. ఆరు నెలల తర్వాత వేరొక ఊరికి ఉద్యోగం మారి వెళ్ళిపోతాడు. ఆ మార్పు మాత్రం ఆ ఒక్క యంత్రంలో, ఎవరికీ తెలియని టిప్పణిలాగా మిగిలిపోతుంది. కంప్యూటరు వాళ్ళు దానికి ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టుకొన్నారు. మనకు పాఠభేదం అన్న మాట ఏనాటినుండో ఉన్నది.

* * *

ప్రతులను ఒకటిగా ఉంచవలసిన అవసరం కావ్యాలకన్నా భూమి లెక్కలలో ఎక్కువ. కావ్యంలో పాఠం మారితే పండితులు పోట్లాడుకొంటారు. అడంగల్‌లో పాఠం మారితే అన్నదమ్ములు పోట్లాడుకొంటారు.

1904లో గుంటూరు జిల్లా ఏర్పడినది. పల్నాడు అందులో ఒక తాలూకా. గురజాల దానికి కేంద్రం. ఊరి లెక్కలు కరణం దగ్గర, తాలూకా లెక్కలు తహశీల్దారు కచేరీలో, జిల్లా లెక్కలు కలెక్టరు కచేరీలో. మూడు చోట్లా ఉన్నది ఒకే భూమి, ఒకే శిస్తు. కానీ మూడు పుస్తకాలు, మూడు చేతులు. ఏడాదిపాటు ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకొంటూ పోతే ఏం జరుగుతుందో ఆనాటి వాళ్ళకు బాగా తెలుసు. అందుకే జమాబందీ అన్న ఏర్పాటు. జూలై 1న మొదలయ్యే ఫసలీ సంవత్సరపు లెక్కలను కరణాలు మూటగట్టుకొని తీసుకువస్తే, అధికారి ఎదుట ఊరి లెక్కనూ తాలూకా లెక్కనూ పక్కపక్కన పెట్టి సరిచూసేవారు. తేడా ఉంటే అక్కడే తేల్చి, సంతకం పెట్టి, మళ్ళీ ఏడాదికి వదిలేవారు. చేలల్లో పైరు ఏమున్నదో కళ్ళతో చూసి పుస్తకంతో పోల్చే తనిఖీకి అజమాయిషీ అని పేరు. పుస్తకాలు రెండూ ఒకే తప్పు రాసుకొని ఉంటే జమాబందీలో దొరకదు, చేనులో నిలబడితేనే దొరుకుతుంది. అందుకని రెండు తనిఖీలు.

ఇందులో లోపం ఒక్కటే. ఏడాదికి ఒక్కసారి. మధ్యలో పదకొండు నెలలు తేడాలు పెరుగుతూనే ఉంటాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. చేతులు మారాయి, పుస్తకాలు మారాయి. తేడాలు తీర్చవలసిన పని మాత్రం అట్లాగే ఉండిపోయినది.

* * *

ఇక రిజిస్ట్రేషను కచేరీ సంగతి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం, స్థిరాస్తి దస్తావేజులన్నింటినీ ఒకటవ పుస్తకం అన్న పేరుగల పెద్ద సంపుటాలలోకి ఎక్కించాలి. దస్తావేజు రాయడం ఒకరి పని. దానిని చూసి ఆ పుస్తకంలోకి మక్కికి మక్కి ఎత్తి రాయడం కచేరీ గుమాస్తా పని. ఆ సంపుటాలకు మళ్ళీ సూచికలు. మనుషుల పేర్లతో ఒకటి, ఆస్తుల వివరాలతో ఒకటి. ఈసీ కావాలని దరఖాస్తు పెడితే, గుమాస్తా ఏడాది తర్వాత ఏడాది సూచికలు దులిపి, ఆ భూమి మీద తాకట్టుగాని, అమ్మకంగాని ఉన్నదేమో వెతికి చెప్పేవాడు. పదిహేనేళ్ళకు వెతకాలంటే రోజులు పట్టేది. చేయి తడిపితే తొందరగా దొరికేదన్న సంగతి పల్నాడులో ఎవరికీ చెప్పనక్కరలేదు.

1998 నవంబరు 4న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ అన్న పథకం మొదలయినది. ఒక్కుమ్మడిగా రెండువందలకు పైగా సబ్‌రిజిస్ట్రారు కచేరీలలో కంప్యూటర్లు పెట్టారు. రిజిస్ట్రేషను శాఖ అధిపతిగా ఉన్న జె. సత్యనారాయణగారు దీనికి సూత్రధారి. భూమి విలువ లెక్కగట్టడం, సుంకం లెక్కగట్టడం, దస్తావేజును బొమ్మగా తీసి దాచడం, ఈసీ ఇవ్వడం అన్నీ యంత్రం మీదనే. 1999లో రాష్ట్రం తన మట్టుకు రిజిస్ట్రేషను చట్టాన్ని సవరించి ఆ పద్ధతికి చట్టబద్ధత కల్పించినది. రోజులు పట్టే ఈసీ నిమిషాలలో చేతికి వస్తుంటే జనం ఆశ్చర్యపోయారు. దస్తావేజు లేఖరులు తమ పొట్ట కొట్టారని కంగారుపడ్డారు. ఇప్పటికీ ఆ కచేరీల ముందు చెట్లకింద వాళ్ళు ఉన్నారు. లంచం కూడా ఊరికే పోలేదు. 2004లో జొనాథన్ కేస్లీ అన్న పరిశోధకుడు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో, యంత్రం వచ్చినా ముఖద్వారం మాత్రమే మారినదన్న ధోరణిలో వ్యాసం రాశాడు. ఆ చర్చ వేరు. నేను చెప్పదలచినది యంత్రాల లోపలి సంగతి.

ఆనాటి ఏర్పాటులో ప్రతి కచేరీ ఒక ద్వీపం. దాని సర్వరు దానిది. దాని పక్కన నాలుగైదు యంత్రాలు ఆ సర్వరుకు తగిలించి ఉండేవి. రాష్ట్రమంతటినీ కలిపే ఆప్‌స్వాన్ జాలం 1999లో వచ్చినా, అది మొదట కలిపినది రాజధానినీ జిల్లా కేంద్రాలనూ. మాచర్లకూ గురజాలకూ అంత తేలికగా తీగ రాలేదు. మరి సుంకం శాతం మారితే? భూమి విలువల పట్టిక సవరిస్తే? ప్రోగ్రాములో తప్పు దిద్దితే? ఒకే రోజు, ఒకే వేళకు, రెండువందల ద్వీపాలలో ఆ మార్పు జరగాలి. ఏ ఒక్క చోట జరగకపోయినా, ఒకే రాష్ట్రంలో ఒకే చట్టం రెండు రకాలుగా నడుస్తుంది. 1998లోనే మార్కెట్టు విలువల సవరణకు నియమావళి కూడా వచ్చినది. పట్టికలు ఒకసారి చేసి మరచిపోయేవి కావు, మళ్ళీ మళ్ళీ మారేవి. యంత్రాలు కొనడం ఒకనాటి ఖర్చు. వాటిని ఒకే మాట మీద ఉంచడం ఏనాటికీ తీరని ఖర్చు. పత్రికలలో వచ్చేది మొదటి దానిని గురించి.

* * *

ఇక్కడ మా ఇంటి కథ ఒకటి చెప్పాలి. కచేరీ పేరు చెప్పను. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇప్పటికీ నాకు ఎదురుపడేవాళ్ళే.

ఆ రోజులలో మా తోడల్లుడు ఎకరంన్నర మెట్ట కొన్నాడు. జీవితమంతా కూడబెట్టిన డబ్బు. దస్తావేజు రాయించి, చలానా కట్టి, నన్ను సాక్షిగా తీసుకువెళ్ళాడు. యంత్రం విలువ చెప్పినది, సుంకం చెప్పినది. అణా పైసలతో కట్టాం. ఏడాది గడిచాక తపాలాలో నోటీసు వచ్చినది. తమరు విలువ తక్కువ చూపి లోటు సుంకం చెల్లించినారు, తేడా కట్టవలసినది అని.

ఆయనకు కోపంకన్నా అవమానం ఎక్కువయినది. "బావా, నేను దొంగలెక్క చూపించానా? అంకె నేను చెప్పానా, వాళ్ళ యంత్రం చెప్పిందా?" అని రాత్రంతా అదే మాట. మర్నాడు ఇద్దరం వెళ్ళి అడిగితే, లోపల ఒక పెద్దమనిషి ఫైళ్ళు తిరగేసి మెల్లగా చెప్పాడు. ఆ వారం కొత్త పట్టిక వచ్చినది. మూడు యంత్రాలలో రెండింటికి ఎక్కినది. మూడవదానికి ఎక్కలేదు. మా దస్తావేజు మూడవదాని దగ్గరకు వెళ్ళినది.

"అట్లాగైతే తప్పు మీది కదండీ," అన్నాను.

"తప్పు ఎవరిదైనా చట్టం ప్రకారం విలువ ఒక్కటే కదండీ మాష్టారూ," అన్నాడాయన. అబద్ధం చెప్పలేదు, దాచలేదు. అందుకే తగువు పెట్టుకోలేకపోయాను. మా తోడల్లుడు అప్పుచేసి తేడా కట్టాడు. దొంగలెక్క అన్న మాట మాత్రం ఆయన మనసులో నుండి పోలేదు. పోయేదాకా ఆ పొలం సంగతి వస్తే మాట మార్చేవాడు.

మూడు ప్రతులు, ఒకదానిలో దిద్దని పాఠం. మా గురువుగారి తరగతిలో అది ఒక ప్రశ్న. మా తోడల్లుడి జీవితంలో అది ఒక మచ్చ.

* * *

ఈ కథ నా శిష్యుడికి చెబితే, "మీది మూడవ యంత్రం మాష్టారూ. అమెరికాలో ఎనిమిదవది," అని ఒక ఉదంతం చెప్పాడు. తర్వాత నేనూ వెతికి చదివాను. అక్కడి మార్కెట్టు నియంత్రణ సంస్థ 2013లో ఇచ్చిన ఉత్తర్వులో అంతా వివరంగా ఉన్నది.

నైట్ కాపిటల్ అన్నది అమెరికాలో షేర్ల వ్యాపారం నడిపే పెద్ద సంస్థ. ఆ పని చేసే సర్వర్లు ఎనిమిది. 2012 ఆగస్టు 1 కోసం కొత్త ప్రోగ్రాము సిద్ధం చేసి, అంతకు ముందు రోజులలో వాటిలోకి ఎక్కించారు. ఎక్కించినవాడు ఏడింటికి ఎక్కించి ఎనిమిదవదాన్ని మరిచాడు. ఇంకొకరు సరిచూడాలన్న నియమం అక్కడ లేదు. ఆ ఎనిమిదవదానిలో ఎన్నో ఏళ్ళ క్రితం వాడకం మానేసిన పాత ప్రోగ్రాము ఒకటి నిద్రపోతూ ఉన్నది. దానిని లేపే మీటనే కొత్త ప్రోగ్రాముకు కూడా వాడుకొన్నారు. పొద్దున మార్కెట్టు తెరవగానే ఏడు యంత్రాలు కొత్త పని చేశాయి, ఎనిమిదవది పాత పని మొదలుపెట్టి ఆగకుండా కొంటూ అమ్ముతూ పోయినది. మార్కెట్టు తెరవకముందే యంత్రాలు తప్పును సూచిస్తూ 97 ఉత్తరాలు పంపాయి. అవి హెచ్చరికలని ఎవరూ గుర్తించలేదు. సుమారు 45 నిమిషాలలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మరుసటి ఏడాదికి ఆ సంస్థ వేరొక సంస్థలో కలిసిపోయినది.

అందులో నన్ను కదిలించినది ఇంకొక సంగతి. మంటలు అంటుకొన్న తర్వాత కంగారులో వాళ్ళు చేసిన ఒక పని, సరిగా ఉన్న ఏడు యంత్రాలలో నుండి కొత్త ప్రోగ్రామును తీసివేయడం. తప్పు కొత్తదానిలో ఉన్నదనుకొన్నారు. దానితో ఆ ఏడు కూడా ఎనిమిదవదానిలాగే ప్రవర్తించాయి. ఏ ప్రతి సరైనదో తెలియకుండా పరిష్కరణకు కూర్చుంటే జరిగేది ఇదే. బ్రౌను దొర పండితులు ముందు ప్రతులన్నీ పక్కపక్కన పరిచి, ఆ తర్వాతనే కలం పట్టేవారు.

* * *

మరి దీనికి మందు లేదా అంటే, వైద్యం మొదలుపెట్టినవాడు ఒక భౌతికశాస్త్రజ్ఞుడు. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ అన్న ఆయన, తన విభాగంలోని రకరకాల యంత్రాలను ఒక్కొక్కదాన్నీ చేత్తో దిద్దలేక విసిగి, సీఎఫ్‌ఇంజన్ అన్న ప్రోగ్రాము రాశాడు. అందులోని ఆలోచన మన పంతుళ్ళకు వెంటనే అర్థమవుతుంది. 

"పప్పులో చెంచా ఉప్పు వెయ్యి" అన్నది ఆజ్ఞ. ఇంట్లో నలుగురు ఒకరికి తెలియకుండా ఒకరు ఆ ఆజ్ఞ పాటిస్తే పప్పు నోట పెట్టుకోలేం. "పప్పులో చెంచా ఉప్పు ఉండాలి" అన్నది స్థితి. దానిని పాటించేవాడు ముందు రుచి చూస్తాడు. ఉంటే ఊరుకొంటాడు, లేకపోతే వేస్తాడు. పదిమంది పదిసార్లు చూసినా పప్పు పాడవదు. బర్జెస్ యంత్రాలకు ఆజ్ఞలు ఇవ్వడం మానేసి, ఉండవలసిన స్థితిని ఒక్కచోట రాసిపెట్టాడు. ప్రతి యంత్రంలోనూ ఒక కాపలావాడు ఉంటాడు. వాడు గడియ గడియకూ ఆ రాతను చదివి, తన యంత్రంతో పోల్చి, తేడా ఉంటే దిద్దుకొంటాడు. ఏడాదికి ఒకసారి జరిగే జమాబందీ గంటకొకసారి జరగడం అన్నమాట. తర్వాత 2005లో పపెట్, 2012లో ఆన్సిబుల్, 2014లో గూగుల్ వాళ్ళు బయటపెట్టిన కుబర్నెటిస్ వచ్చాయి. ఆ చివరి పేరు గ్రీకు మాట, చుక్కాని పట్టేవాడని అర్థం. పద్ధతులలో తేడాలున్నా, మూలసూత్రం ఒక్కటే. మూలప్రతి ఒక్కచోట ఉండాలి, నకళ్ళు దానిని చూసి దిద్దుకోవాలి, ఎవరూ నకలు మీద నేరుగా కలం పెట్టరాదు.

కంప్యూటరు వాళ్ళ మధ్య ఒక సామెత ప్రచారంలో ఉన్నదట. సర్వర్లను పెంపుడు కుక్కలలాగా పేరుపెట్టి సాకరాదు, పశువుల మందలాగా అంకెలు వేసి చూడాలి, ఒకటి జబ్బుపడితే తీసేసి ఇంకొకటి తెచ్చుకోవాలి అని. ఇది విని నాకు నవ్వు వచ్చినది. ఈ సామెత పుట్టించినవాడు పల్నాటి రైతును చూడలేదు. మా చిన్నతనంలో మా ఇంటి ఎడ్లకు పేర్లు ఉండేవి. పేరు పెట్టి పిలిస్తే చెవులు కదిలించేవి. అందులో ఒకటి జబ్బుపడితే మా నాయన అన్నం ముట్టేవాడు కాదు. బ్రహ్మనాయుడూ నాగమ్మా నడిపిన చరిత్ర గల నేలలో మందలన్నవి అంకెలు కావు. కానీ ఆ సామెతలోని మర్మం కాదనలేం. ఒక్క యంత్రాన్ని ప్రాణంగా చూసుకొని, దాని మరమ్మతు ఒక్క మనిషికే తెలిసి, ఆ మనిషి ఊరు మారితే ఏం జరుగుతుందో చెప్పుకొన్నాం కదా.

* * *

అన్నీ ఒకటిగా ఉండాలి సరే, అన్నింటినీ ఒకేసారి మార్చాలా? ఇక్కడే నా శిష్యుడి రాత్రి కాపలా రహస్యమంతా ఉన్నది.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినది. కాగితం మీద ఒక్క రోజులో జరిగిన పని అది. యంత్రాలలో అట్లా కుదరదు. ఖాతాలను కొత్త వ్యవస్థలోకి విడతలుగా మార్చుకొంటూ వెళ్ళారు. ఏ.ఎన్.డి.బి. అక్షరాలతో మొదలయ్యే పాత కోడులను 2021 మార్చి 31 దాకా చెల్లనిచ్చారు. అంటే ఏడాదిపాటు పాత పేరుతో వచ్చిన డబ్బు కూడా దారి తప్పకుండా చేరినది. పింఛను మీద బతికేవాళ్ళకు ఆ ఏడాది గడువు విలువ తెలుసు. పాతదీ కొత్తదీ కొంతకాలం పక్కపక్కన నడవనివ్వడం, కొద్దికొద్దిగా మార్చడం, మార్చిన కొద్దీ ఆగి చూడడం. ఇదే ఈ విద్యలోని పెద్ద సూత్రం. సాగరు కాలువ కింద వారబందీ ఎరిగిన రైతుకు ఇది కొత్తగాదు. అన్ని తూములూ ఒక్కసారే ఎత్తితే చివరి పొలానికి నీరు చేరదు, గట్టు తెగినా తెగుతుంది.

దీనిని మరచినందుకు లోకమంతా ఒక రోజు చెల్లించుకొన్నది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అన్న భద్రతాసంస్థ తన ప్రోగ్రాముకు ఒక చిన్న సవరణ పంపినది. అందులో తప్పు ఉన్నది. అది కొద్ది యంత్రాలకు ముందుగా, మిగతావాటికి తర్వాత అన్న పద్ధతి లేకుండా అందరికీ ఒక్కసారే చేరినది. మైక్రోసాఫ్టు లెక్క ప్రకారం సుమారు 85 లక్షల యంత్రాలు కుప్పకూలాయి. ఆ రోజు మన శంషాబాదు విమానాశ్రయంలో కూడా ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగు పాసులు ఇచ్చారు. యంత్రాలు అన్నీ ఒకటిగా ఉంటే వచ్చే కొత్త అపాయం ఇది. పాఠభేదాలు లేకుండా ఉన్న లోకంలో తప్పు కూడా పాఠభేదం లేకుండా వ్యాపిస్తుంది. ఆనాడు ఆదుకొన్నది కలం పట్టడం మరచిపోని నాలుగు చేతులు.

* * *

చివరగా మా జిల్లా మాట. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినది. రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయిన రోజు అది. సంతోషించాం. కానీ ఆ రోజున ఎన్ని యంత్రాలలో ఎన్ని పట్టికలు మారాలో ఆలోచించండి. రేషను, పింఛను, భూమి, బడి, ఆసుపత్రి. ప్రతిచోటా గుంటూరు అన్న మాట తీసి పల్నాడు అని పెట్టాలి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అంతటా పెట్టాలా? 1950లో మా తాతగారి పేర పుట్టిన దస్తావేజులో "గుంటూరు జిల్లా, పల్నాడు తాలూకా" అని ఉన్నది. అది తప్పు కాదు. ఆనాటికి అదే నిజం. దానిని నేటి పేర్లకు దిద్దితే అది నవీకరణ కాదు, చరిత్రను చెరపడం. నేడు అమలులో ఉండవలసిన నియమం అన్ని యంత్రాలలోనూ ఒకటిగా ఉండాలి. నిన్న జరిగినదాని సాక్ష్యం మాత్రం నిన్నటిలాగే ఉండాలి. మొదటిది అమరిక, రెండవది పాఠం. వ్యవస్థలు కట్టేవారు ఈ రెండింటినీ ఒకే అరలో పెట్టరాదని ఒక పాత పంతులు మనవి.

ఈ మాట మన బ్లాగర్లకూ వర్తిస్తుంది. యూనికోడుకు ముందు ఎవరి ఫాంటు వాళ్ళు వాడుకొన్న రోజులలో రాసిన తెలుగు పుటలు ఇప్పుడు తెరిస్తే పిచ్చిగీతలు. వాటిని చదవడానికి నాగార్జున వెన్న గారు పద్మ అన్న పనిముట్టు చేయకపోతే ఆ రాతలలో చాలా భాగం మన కళ్ళముందే మూగవోయేది. 2009 అక్టోబరులో జియోసిటీసు మూతపడ్డప్పుడు ఎందరి పుటలో ఒక్క రాత్రిలో పోయాయి. ఉచితంగా దొరికిన ఇల్లు మనది కాదు. మీ టపాలకు ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఏడాదికి ఒకసారైనా తెరిచి చూడండి. మన జమాబందీ మనమే చేసుకోవాలి.

ఆ రాత్రి నా శిష్యుడు మా ముందుగదిలోనే ల్యాపుటాపు పెట్టుకొని కూర్చున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి నాకు మెలకువ వచ్చి చూస్తే ఇంకా కూర్చునే ఉన్నాడు.

"అయిందా నాయనా?"

"రెండువందల ముప్పై తొమ్మిది అయ్యాయి మాష్టారూ. ఒకటి మొండికేసింది."

"మరి?"

"దానిని వరుసలో నుండి తీసి పక్కన పెట్టాను. దాని దగ్గరకు ఎవరి పనీ వెళ్ళదు. ఎందుకు మొండికేసిందో తెలిసేదాకా లోపలికి రానివ్వం."

నేను లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకొని వచ్చాను. మా తోడల్లుడి మూడవ యంత్రం పక్కన ఆనాడు ఇట్లాంటి పిల్లవాడు ఒకడు కూర్చొని ఉంటే ఎంత బాగుండేదో అనుకొన్నాను.

స్వస్తి.